పద్దెనిమిది మంది ఆకతాయిలు, రెండు పళ్లబుట్టలు

1891 డిసెంబరు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణం. వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలోని జిమ్‌లో పద్దెనిమిది మంది వరసగా నిలబడి చేతులు పైకీ కిందికీ ఊపుతున్నారు. చిన్నపిల్లలేం కాదు, మీసాలొచ్చిన మగాళ్లు. చదువు పూర్తయ్యాక ఊరూరా ఉన్న వై.ఎం.సి.ఏ. శాఖలకు కార్యదర్శులుగా వెళ్లాల్సినవాళ్లు. వేసవిలో బేస్‌బాల్, చలి ముదిరేదాకా ఫుట్‌బాల్ ఆడి ఒళ్లు వంచినవాళ్లకు నాలుగ్గోడల మధ్య ఈ డ్రిల్లు ప్రాణసంకటంగా ఉంది. విసుగు, వెటకారం, అల్లరి. ఇద్దరు మాస్టార్లు ఆ తరగతితో వేగలేక చేతులెత్తేశారు. ఇప్పుడు మూడోవాడి వంతు వచ్చింది.

ఆ మూడోవాడి పేరు జేమ్స్ నైస్మిత్. వయసు ముప్పై. అతను ఆ తరగతిని లొంగదీసుకునే ప్రయత్నంలో పుట్టిన ఆటే బాస్కెట్‌బాల్. ఆటలు జీవితపాఠాలు నేర్పుతాయని బడి వార్షికోత్సవాల్లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మిగతా ఆటల మాటెలా ఉన్నా, బాస్కెట్‌బాల్ విషయంలో అది వేదిక మీద చెప్పే మర్యాద మాట కాదు. ఈ ఆటను కూర్చిందే పాఠం చెప్పడానికి. ఆ పాఠాన్ని కూర్చినవాడే కొంత ఆలస్యంగా నేర్చుకున్నాడు. నేర్చుకోనివాళ్ల చరిత్ర కూడా తక్కువేమీ కాదు.

నైస్మిత్ కెనడావాడు. ఒంటారియో రాష్ట్రంలో ఆల్మాంట్ దగ్గరి పల్లెలో 1861 నవంబరు 6న పుట్టాడు. తొమ్మిదో ఏట టైఫాయిడ్‌తో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మేనమామ పీటర్ యంగ్ పెంచాడు. చదువు మధ్యలో వదిలేసి అడవిలో చెట్లు కొట్టే పనికి వెళ్లాడు, మళ్లీ మనసు మార్చుకుని బడికి తిరిగొచ్చాడు, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకున్నాడు. తర్వాత మతబోధకుడు కావాలని వేదాంత కళాశాలలో చేరాడు.

అక్కడే ఒక చిక్కు వచ్చింది. అతనికి రగ్బీ పిచ్చి. శనివారం మైదానంలో దెబ్బలు తిని, ఆదివారం రెండు నల్లబడిన కళ్లతో చర్చిలో ప్రసంగం చేశాడు. కాబోయే బోధకుడికి ఇదేం పని అని పెద్దలు ముఖం చిట్లించారు. ఒకరోజు ఆటలో అతని పక్కనున్న ఆటగాడు కోపం పట్టలేక బూతు తిట్టాడు. వెంటనే నైస్మిత్ వైపు తిరిగి, నువ్విక్కడున్న సంగతి మరిచిపోయానంటూ క్షమాపణ అడిగాడు. నైస్మిత్ అతనికి ఏనాడూ నీతులు చెప్పింది లేదు. పక్కన నిలబడి ఆడాడు, అంతే. మనిషి నడవడి మీద పనిచేయడానికి చర్చి వేదిక ఒక్కటే చోటు కాదని నైస్మిత్‌కు అప్పుడు తట్టింది. 1890లో స్ప్రింగ్‌ఫీల్డ్ చేరాడు.

అక్కడ వ్యాయామ విభాగానికి పెద్ద లూథర్ గ్యులిక్. కొత్తదంటూ లోకంలో ఏదీ లేదని, ఉన్నవాటిని విడదీసి మళ్లీ కూర్చితేనే కొత్తదనిపిస్తుందని ఆయన తరగతిలో అనేవాడు. అలాగైతే కొత్త ఆటను కూడా తయారుచేయొచ్చు కదా అన్నాడు నైస్మిత్. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. తర్వాత ఉపాధ్యాయుల సమావేశంలో ఆ అల్లరి తరగతి ప్రస్తావన వచ్చినప్పుడు నైస్మిత్ ఇంకో మాట తూలాడు: తప్పు కుర్రాళ్లది కాదు, మనం వాళ్లతో చేయించేదానిది. గ్యులిక్ ఆ మాటను పట్టుకుని తరగతిని అతనికే అప్పజెప్పాడు. గడువు పద్నాలుగు రోజులు. నోరు చేసిన పనికి నెత్తిన పడిన బరువు అది.

మొదటి పన్నెండు, పదమూడు రోజులు వరసగా ఓటములే. రగ్బీ తరహా ఫుట్‌బాల్‌ను మెత్తబరిచి జిమ్‌లో ఆడించాడు. ఒకరినొకరు నేలకేసి కొట్టుకోవడంలోనే మజా చూసేవాళ్లకు అది చప్పగా ఉంది. కాలితో తన్నే ఫుట్‌బాల్ ఆడిస్తే కిటికీలకు, కాళ్లకు దెబ్బలు తగిలాయి. లాక్రాస్ ఆడిస్తే ముఖాలు పగిలాయి. పేరున్న ఆటను కుదించి గదిలోకి తెస్తే ఆ ఆట ప్రాణమే పోతోంది. ఇక ఒక్క రోజు మిగిలింది.

ఆ రోజు నైస్మిత్ చేసిన ఆలోచనను తర్వాత తన పుస్తకంలో మెట్టు మెట్టుగా రాసుకున్నాడు. ఆటలన్నిటికీ బంతి ఉంది. చిన్న బంతికి బ్యాటో కర్రో కావాలి, పెద్ద బంతికి చేతులు చాలు. కనుక పెద్ద బంతి. రగ్బీని గదిలో ఎందుకు ఆడలేం? మొరటు ఆట గనక. మొరటుతనం ఎక్కడిది? మనిషిని పట్టి పడేస్తారు గనక. ఎందుకు పడేస్తారు? బంతి పట్టుకుని పరుగెత్తుతాడు గనక. పరుగెత్తకపోతే? పడేయాల్సిన అవసరమే లేదు. ఇక్కడ ముడి విడింది. బంతి చేతికొచ్చినవాడు ఉన్నచోటే ఆగాలి, లేదా ఇంకొకడికి అందివ్వాలి.

గోల్ మాటేమిటి? నిలువు గోల్ పెడితే ఎంత బలంగా విసిరితే అంత లాభం, ఎదుటివాడి ముక్కుకు అంత నష్టం. అప్పుడు అతనికి చిన్నప్పటి ఆట గుర్తొచ్చింది. పెద్ద బండ మీద ఒక రాయి పెట్టి, దూరం నుంచి మరో రాయితో దాన్ని పడగొట్టాలి. గురి తప్పితే కాపలావాడికి చిక్కకుండా పరుగెత్తి తన రాయి తెచ్చుకోవాలి. మన ఏడుపెంకులాటకు దూరపు చుట్టం. బలమంతా పెట్టి విసిరిన రాయి తగలకపోతే ఎక్కడికో పోతుంది, దానికోసం అంత దూరమూ పరుగెత్తాలి. గాల్లోకి వంపుగా, నిదానంగా వేసిన రాయి దగ్గర్లోనే పడుతుంది. కాబట్టి గోల్‌ను పైకి తెరిచి పడుకోబెడితే బలానికి పని తగ్గి నేర్పుకు పని పెరుగుతుంది. కిందే పెడితే అందరూ దాని చుట్టూ మూగుతారు. అందుకని తలల పైకి ఎత్తాలి.

మర్నాడు ఉదయం జిమ్ పనివాడు స్టెబిన్స్‌ను రెండు పెట్టెలు ఉన్నాయేమోనని అడిగాడు. పెట్టెలు లేవు, పీచ్ పళ్ల పాత బుట్టలు రెండు ఉన్నాయన్నాడతను. నైస్మిత్ వాటిని జిమ్ బాల్కనీ కింది అంచుకు మేకులతో కొట్టాడు. ఆ అంచు నేలకు పది అడుగుల ఎత్తున ఉంది. ఇప్పుడు ప్రపంచంలో పెద్దలాడే ఏ కోర్టులోనైనా రింగు పది అడుగులే. ఆ అంకె ఎవరూ లెక్కగట్టి తేల్చింది కాదు.

పదమూడు నియమాలు రాసి, ఆఫీసులో టైపు చేయించి, నోటీసు బోర్డుకు గుచ్చాడు. తరగతిలో అందరికంటే ముదురు ఫ్రాంక్ మహన్ బోర్డు వంక చూసి, మరో కొత్త ఆట వచ్చిందా అని పెదవి విరిచాడు. పద్దెనిమిది మంది ఉన్నారు గనక తొమ్మిదేసి మంది. ఒక జట్టుకు కెప్టెన్ డంకన్ పాటన్. తేదీ డిసెంబరు 21. ఆట మొత్తానికి పడిన గోల్ ఒక్కటి, విలియం చేజ్ దాదాపు ఇరవై అయిదు అడుగుల దూరం నుంచి వేసినది.

ఆట ఎలా సాగిందన్నదానికి నైస్మిత్ చెప్పిన కథలే రెండున్నాయి. పుస్తకంలోది కాస్త మర్యాదైనది: ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు, బంతితో పరుగెత్తి ఫౌలయినవాళ్లే ఎక్కువ. 1939లో, చనిపోవడానికి కొన్ని నెలల ముందు, రేడియోలో చెప్పింది మాత్రం వేరు. కుర్రాళ్లు తన్నుకున్నారు, గుద్దుకున్నారు, జిమ్ మధ్యలో కుప్పగా పడి కలబడ్డారు, కొందరి కళ్లు వాచాయి, ఒకడికి భుజం జారింది. అయినా మర్నాటి నుంచి మళ్లీ ఎప్పుడు ఆడదామని వాళ్లే వెంటపడ్డారట. బంతితో పరుగెత్తకూడదన్నది ఆ కొట్లాట తర్వాతే గట్టిగా పెట్టానన్నాడు. ఏది సరైనదైనా రెండు కథల్లోనూ ఒకటి నిజం. నియమం పుట్టింది మనుషుల స్వభావాన్ని చూసి.

ఆ పదమూడింటిని ఇప్పుడు చదివితే ఆట పుస్తకంలా ఉండవు, హాస్టల్ వార్డెన్ రాసిన కాగితంలా ఉంటాయి. భుజంతో నెట్టకూడదు, పట్టుకోకూడదు, తోయకూడదు, కాలు అడ్డం పెట్టకూడదు, కొట్టకూడదు. మొదటిసారి చేస్తే ఫౌల్. రెండోసారి చేస్తే తర్వాతి గోల్ పడేదాకా బయట కూర్చోవాలి. కావాలని గాయపరిస్తే ఆట మొత్తానికీ బయటే, అతని బదులు ఇంకొకడిని దింపడానికి వీల్లేదు. ఒక జట్టు వరసగా మూడు ఫౌళ్లు చేస్తే అవతలి జట్టుకు ఒక గోల్. ఒకడి కోపానికి తొమ్మిదిమంది మూల్యం కట్టాలన్నమాట.

ఇంకో రెండు నియమాలు మరీ చిత్రం. ఇద్దరు న్యాయనిర్ణేతలు ఉంటారు. ఒకరు బంతిని చూడాలి, ఇంకొకరు మనుషుల్నే చూడాలి. గడువుకు గోల్స్ సమమైతే ఏం చేయాలో కూడా రాశాడు. ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటే ఇంకో గోల్ పడేదాకా ఆడొచ్చు. గెలుపు తేలాలన్నా ముందు ఎదుటివాడితో ఒక మాట మీదికి రావాలి.

డ్రిబ్లింగ్ ఈ పదమూడింటిలో ఎక్కడా లేదు. చుట్టూ ప్రత్యర్థులు కమ్ముకుని బంతి అందివ్వడానికి దారి లేని ఆటగాడు, దాన్ని తానే వదిలి, నేలకు తగిలి లేచినదాన్ని తానే అందుకున్నాడు. పరుగెత్తకూడదన్నారు గానీ బంతిని వదలకూడదని ఎవరూ అనలేదు కదా. ఇవాళ బాస్కెట్‌బాల్ అనగానే మన చెవిలో మోగే ఆ టప్ టప్ చప్పుడు, ఇరుకున పడ్డవాడు వెతుక్కున్న సందు. నైస్మిత్ దాన్ని నిషేధించలేదు, మెచ్చుకున్నాడు.

బుట్ట వెనక ఉండే బోర్డు కథ వేరు. బాల్కనీలో కూర్చున్న ప్రేక్షకులు తమ జట్టు వేసిన బంతిని బుట్టలోకి నెట్టడం, అవతలివాళ్లదాన్ని పక్కకు తోసేయడం మొదలెట్టారు. వాళ్ల చేతులు ఆపడానికి బుట్ట వెనక అడ్డుకట్ట కట్టారు. ఆటగాళ్లు దాన్నుంచి బంతిని బుట్టలోకి మళ్లించే లెక్కలు నేర్చుకున్నారు. అల్లరిని ఆపడానికి కట్టిన గోడ నేర్పుకు పనిముట్టయింది. అయిదుగురు అయిదుగురుగా ఆడటం ఆ దశాబ్దం చివరికి స్థిరపడింది.

ఆడవాళ్లు ఈ ఆటలోకి పిలుపు లేకుండానే వచ్చారు. భోజన విరామంలో జిమ్ మీదుగా వెళ్లే బడి పంతులమ్మలు కొందరు లోపలి కేకలు విని వచ్చి చూశారు. మేమూ ఆడొచ్చా అన్నారు. వాళ్లతో కలిసి ఆడినవాళ్లలో మాడ్ షెర్మన్ అనే యువతి ఉంది. 1894లో నైస్మిత్ ఆమెను పెళ్లాడాడు. దగ్గర్లోని స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అమ్మాయిలకు ఈ ఆట నేర్పి, 1893 మార్చిలో పోటీ పెట్టింది. మగవాళ్లకు లోపలికి ప్రవేశం లేదు.

ఆట దేశాలు దాటింది కూడా ఆ పద్దెనిమిది మంది కాళ్ల మీదే. మొదటి ఆటలో ఒక జట్టుకు కెప్టెన్‌గా ఉన్న డంకన్ పాటన్ 1894లో దీన్ని భారతదేశానికి తెచ్చాడు. ఆట పుట్టి అప్పటికి మూడేళ్లే. తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ క్రో బక్ మద్రాసు వచ్చి 1920లో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అక్కడ శిక్షణ పొందిన మాస్టార్ల చేతుల మీదుగా ఈ ఆట బడి మైదానాలకు చేరింది. మన ఊళ్లలో వ్యాయామోపాధ్యాయుణ్ణి ఇప్పటికీ పెద్దవాళ్లు డ్రిల్లు మాస్టారనే అంటారు. ఆ పద్దెనిమిది మంది ఏ డ్రిల్లు చేయలేక ఎదురుతిరిగారో ఆ డ్రిల్లే ఆ పిలుపులో మిగిలింది. దేశంలో మొదటి జాతీయ పోటీలు 1934లో ఢిల్లీలో జరిగాయి. మన పురుషుల జట్టు ఒలింపిక్స్ ఆడింది ఒక్కసారే, 1980లో మాస్కోలో. చాలా దేశాలు బహిష్కరించినందువల్ల దక్కిన చోటు అది. ఆడినవన్నీ ఓడి పన్నెండో స్థానంలో నిలిచింది.

నైస్మిత్ మటుకు ఆటను వదిలి ముందుకెళ్లిపోయాడు. డెన్వర్‌లో వైద్యం చదివి, 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో ప్రార్థనామందిరం బాధ్యతలు, వ్యాయామ విద్య కలిపి చూసే ఉద్యోగంలో చేరాడు. అక్కడి బాస్కెట్‌బాల్ జట్టుకు మొదటి కోచ్ అతనే. గెలిచినవి 55, ఓడినవి 60. కాన్సస్ జట్టుకు ఇంతవరకు పనిచేసిన కోచ్‌లలో గెలుపులకంటే ఓటములు ఎక్కువున్నవాడు ఈ ఆటను కనిపెట్టినవాడొక్కడే. అతనికి దీనిమీద పట్టింపు లేదు. ఆట ఆడటానికి, కోచింగ్ ఏమిటన్నది అతని నమ్మకం. శిష్యుడు ఫారెస్ట్ అలెన్‌కు కోచ్ ఉద్యోగం వచ్చినప్పుడు, దీనికి కోచింగ్ ఉండదయ్యా, ఊరికే ఆడటమే అని నవ్వాడు. అలెన్ ఒక్క కాన్సస్ జట్టుతోనే 590 ఆటలు గెలిచి గురువు మాట తప్పని చూపించాడు. సొంత బిడ్డలో ఏముందో తండ్రికి తెలియలేదు.

కానీ అతనికి తెలిసింది ఇంకొకటి ఉంది. 1933లో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి కాన్సస్‌కు వచ్చాడు. ఆట అంటే ప్రాణం. నల్లవాళ్లను విశ్వవిద్యాలయ జట్టులోకి తీసుకునేవారు కాదు. తండ్రి చెప్పాడని నేరుగా నైస్మిత్ గదికి వెళ్లి, మీరే నా సలహాదారు అన్నాడు. నైస్మిత్ కాదనలేదు. వ్యాయామ విద్య చదివేవాళ్లకు ఈత తప్పనిసరి. కొలనులోకి నల్లవాళ్లకు ప్రవేశం లేదు. మెక్‌లెండన్ దిగాడు. తర్వాత ఆ కొలనులోని నీళ్లన్నీ తోడేశారు. నైస్మిత్ అండతో అతను పట్టు వదల్లేదు, చివరికి కొలను తలుపులు అందరికీ తెరుచుకున్నాయి. నైస్మిత్ తరగతిలో నేర్చుకున్నదాన్ని మెక్‌లెండన్ వేగంగా మార్చాడు. బంతి చిక్కగానే అవతలి జట్టు సర్దుకునేలోగా దూసుకుపోయే ఫాస్ట్ బ్రేక్ పద్ధతికి సానబెట్టాడు. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో నల్లవాళ్ల కళాశాలకు కోచయ్యాడు.

1944 మార్చి 12, ఆదివారం. యుద్ధకాలం, వర్ణవివక్ష చట్టంగా అమలవుతున్న ఊరు. అందరూ చర్చిలో ఉండే వేళ చూసుకుని, డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థుల జట్టు అడిగి తెచ్చుకున్న కార్లలో చుట్టుదారిన బయల్దేరింది. అందరూ తెల్లవాళ్లు, వేరే కళాశాలల్లో పేరు తెచ్చుకుని వచ్చిన ఆటగాళ్లు. ముఖాలకు కోట్లు అడ్డం పెట్టుకుని మెక్‌లెండన్ జిమ్‌లోకి వెళ్లారు. తలుపులు గడియవేశారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే కోర్టులో ఆడారని బయటికి పొక్కితే ప్రాణాల మీదికే వస్తుంది. మొదట్లో ఇరుజట్ల చేతులూ వణికాయి, తేలికైన బంతులు కూడా జారిపోయాయి. ఎదుటివాడి ఒళ్లు తగిలితే ఏమవుతుందోనన్న భయం వాళ్లకు చిన్నప్పటి నుంచీ ఉగ్గుపాలతో పోసింది. కాసేపటికి ఆట ఆ భయాన్ని మింగేసింది. మెక్‌లెండన్ కుర్రాళ్లు 88–44తో గెలిచారు.

అంతటితో ఎవరి దారి వాళ్లు చూసుకోలేదు. ఇంకో ఆట ఆడదామన్నారు. ఈసారి జట్లు కలిపేసి, ఒకవైపు చొక్కాలున్నవాళ్లు, ఒకవైపు చొక్కాలు విప్పినవాళ్లు. తర్వాత హాస్టల్ గదుల్లో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. విషయం తెలిసిన నల్లవాళ్ల పత్రికా విలేకరి ఒక్క అక్షరం రాయలేదు. చరిత్రకారుడు స్కాట్ ఎల్స్‌వర్త్ 1996లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజీన్‌లో రాసేదాకా ఆ ఉదయం లోకానికి తెలియదు. మెక్‌లెండన్ తర్వాత టెనెసీలో వరసగా మూడేళ్లు జాతీయ ట్రోఫీ గెలిచాడు. 1979లో నైస్మిత్ పేరున్న హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. ఆటకు సేవ చేసినవాడిగానే తప్ప కోచ్‌గా కాదు. కోచ్‌గా గుర్తించింది 2016లో. అప్పటికి ఆయన పోయి పదిహేడేళ్లయింది.

నియమాలు మనిషి స్వభావాన్ని చూసి పుట్టాయనుకున్నాం. మనిషి కూడా నియమంలోని సందు చూసి మారుతుంటాడు. 1950 నవంబరు 22న వృత్తి జట్ల లీగ్‌లో మినియాపోలిస్ లేకర్స్ మీద ఫోర్ట్ వేన్ పిస్టన్స్ ఆడింది. లేకర్స్‌లో జార్జ్ మైకన్ అనే ఆజానుబాహుడున్నాడు. ఆడితే ఓడిపోతాం, ఆడకపోతే? పిస్టన్స్ బంతిని చేతుల్లోనే పెట్టుకుని గడియారం తిప్పారు. చివరి స్కోరు 19–18. గెలుపు వాళ్లదే. నియమం ఏదీ తప్పలేదు. పాపం, నష్టపోయింది చూడ్డానికి డబ్బిచ్చి వచ్చినవాళ్లే.

ఈ జబ్బుకు మందు కనిపెట్టినవాడు బౌలింగ్ ఆటశాల నడుపుకునే డానీ బయసోన్. ఇటలీ నుంచి వలస వచ్చినవాడు, సిరాక్యూస్ జట్టు యజమాని. బాగా సాగిన ఆటల్లో రెండు జట్లూ కలిపి దాదాపు 120 సార్లు బుట్టకు వేస్తున్నాయని చూశాడు. ఆట 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. 120తో భాగిస్తే 24. బంతి చిక్కిన 24 సెకన్లలోగా వేయాల్సిందే. 1954లో ఆ గడియారం పెట్టారు. అంతకుముందు ఏడు ఒక్కో జట్టు సగటున ఆటకు 79.5 పాయింట్లు చేసింది, పెట్టిన ఏడు 93.1. పావుగంటలో తేలాల్సిన మాటను మూడు గంటలు సాగదీసే సమావేశాల్లో కూర్చున్న ప్రతివాడికీ ఈ లెక్క విలువ తెలుస్తుంది.

గడియారానికి లొంగేవాళ్లు కూడా నామోషీకి లొంగకుండా ఉండలేరు. విల్ట్ చాంబర్లెన్ కథ అదే. ఏడడుగులకు పైన ఎత్తు, ఎదురులేని బలం, ఒక్క ఫ్రీ త్రో మాత్రం రాదు. ఫ్రీ త్రో అంటే ఎవరూ అడ్డు రాని, పదిహేను అడుగుల దూరం నుంచి తీరిగ్గా వేసే బంతి. 1961–62లో అతను బంతిని రెండు చేతులా మోకాళ్ల మధ్య నుంచి పైకి ఊపి, కింది నుంచి వేయడం మొదలెట్టాడు. ఆ సీజన్‌లో నూటికి 61 పడ్డాయి, అతని జీవితంలో అదే ఎక్కువ. 1962 మార్చి 2న ఒకే ఆటలో వంద పాయింట్లు చేసిన రోజున 32 ఫ్రీ త్రోలలో 28 వేశాడు. తర్వాత ఆ పద్ధతి మానేశాడు. ఆడంగిలా కనిపిస్తున్నానని సిగ్గుపడ్డానని, అది తన తప్పేనని ఆత్మకథలో ఒప్పుకున్నాడు. అదే పద్ధతిలో రిక్ బ్యారీ అనే ఆటగాడు ఆడినన్నాళ్లూ నూటికి దాదాపు 90 వేశాడు. చూసి కూడా పెద్దగా ఎవరూ నేర్చుకోలేదు. నలుగురూ నవ్వుతారన్న భయంతో పనికొచ్చే పనిని మానుకునేది ఒక్క చాంబర్లెనా?

కోచింగ్‌కు ఈ ఆటలో చోటే లేదన్న నైస్మిత్‌కు అసలైన జవాబు లాస్ ఏంజెలెస్‌లో దొరికింది. జాన్ వుడెన్ 1948లో అక్కడి విశ్వవిద్యాలయ జట్టుకు కోచయ్యాడు. మొదటి జాతీయ ట్రోఫీకి 1964 దాకా ఆగాల్సి వచ్చింది. దానితో కలిపి పన్నెండేళ్లలో పది. ఏటా కొత్తగా చేరిన ఆటగాళ్లకు ఆయన చెప్పే తొలి పాఠం సాక్సులు వేసుకోవడం. దేశం నలుమూలల నుంచి ఏరి తెచ్చిన మెరికల్లాంటి కుర్రాళ్లు నేలమీద కూర్చుంటే, వేళ్ల దగ్గర, మడమ దగ్గర ముడతలు పడకుండా ఎలా లాగాలో చేసి చూపేవాడు. ముడత ఉంటే బొబ్బ, బొబ్బొస్తే సాధన పోతుంది, సాధన పోతే ఆట పోతుంది.

1974–75లో గాలిమోర్, థార్ప్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆయన సాధన తరగతుల్లో పదిహేనింటికి వెళ్లి కూర్చున్నారు. ఆయన నోటివెంట వచ్చినవి, చేసి చూపినవి 2,326 పాఠాంశాలుగా రాసుకున్నారు. గొప్ప కోచంటే ఉద్రేకపరిచే ఉపన్యాసాలు, భుజం తట్టడాలు ఉంటాయనుకున్నారు. మెచ్చుకోలు నూటికి ఏడు, మందలింపు కూడా దాదాపు అంతే. సగానికి సగం ఏం చేయాలి, ఎలా చేయాలి అన్నవే. ఎవరైనా తప్పు చేస్తే ఆట ఆపి, సరైన పద్ధతి చేసి చూపి, వాడు చేసినట్టు చేసి చూపి, మళ్లీ సరైనదే చూపేవాడు. మొత్తం కొన్ని సెకన్లు. అది ఆయన ఆఖరి సీజన్, దాంతోనే పదో ట్రోఫీ. పిల్లల్ని కూర్చోబెట్టి గంటలకొద్దీ వ్యక్తిత్వ వికాస ప్రసంగాలు వినిపించే మన కళాశాలలు ఈ అంకెలు ఒకసారి చూస్తే బాగుండు.

నైస్మిత్ తన ఆటకు పేటెంటు తీసుకోలేదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ మొదటిసారి పోటీ అయింది. కోచ్‌లు చందాలు పోగుచేసి డెబ్భై నాలుగేళ్ల ఆ పెద్దమనిషిని పంపారు. ఇరవైకి పైగా దేశాలు ఆడాయి. కోర్టులు ఆరుబయట వేసిన మట్టి కోర్టులు, ఫైనల్ రోజున కుండపోత వాన. బురదలో బంతి లేవదు, డ్రిబ్లింగ్ కుదరదు. అమెరికా, కెనడా ఒకరికొకరు అందించుకుంటూనే ఆడాల్సి వచ్చింది. స్కోరు 19–8. ఒకటి అతను బతికిన దేశం, ఒకటి పుట్టిన దేశం. పతకాలు అతని చేతుల మీదుగానే ఇప్పించారు. 1939 నవంబరు 28న కాన్సస్‌లోని లారెన్స్‌లో కన్నుమూశాడు.

పదమూడు నియమాలున్న ఆ రెండు టైపు కాగితాలు 2010 డిసెంబరు 10న న్యూయార్క్‌లో వేలానికి వచ్చాయి. 43 లక్షల డాలర్లకు పైగా పలికాయి. కొన్న డేవిడ్ బూత్ వాటిని కాన్సస్ విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. ఇప్పుడు అక్కడి ఆటశాల పక్క భవనంలో, అద్దాల వెనక ఉన్నాయి.

ఆ కాగితాలు మొదటి ఆట జరిగిన కొన్నాళ్లకే నోటీసు బోర్డు మీది నుంచి మాయమయ్యాయి. కొంతకాలం తర్వాత ఫ్రాంక్ మహన్ వచ్చి, కొత్త ఆట వచ్చిందా అని పెదవి విరిచిన ఆ మహనే, వాటిని తీసింది తానేనని ఒప్పుకున్నాడు. ఈ ఆట నిలబడుతుందని అప్పుడే అనిపించి గుర్తుగా దాచుకున్నానని, ఇప్పుడు ఆలోచిస్తే ఇవి మీ దగ్గర ఉండటమే న్యాయమని చెప్పి నైస్మిత్ చేతిలో పెట్టాడు.